శబ్దం లేదు

మూడోసారి కూడా కాగితం మీద అదే మాట. శబ్దం లేదు. కింద సంతకం, పక్కన బుధవారం తేదీ. దస్తూరి ముత్యాల్లా ఉండటంతో చదివినవాళ్ళకి నమ్మబుద్ధి కూడా అవుతుంది, అదీ ఒళ్ళు మండే సంగతి.

"లేదంటే ఎలాగండీ? పొద్దున కారు తెచ్చేటప్పుడు మీ గేట్లోనే వచ్చింది కదా," అంది కూ మేడం, కాగితాన్ని కౌంటర్ మీద అతని వైపు తిప్పి పెడుతూ.

ఆ పేరు ఆమెకి బడిపిల్లలు పెట్టారు. పిల్లల చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించి, "కూ అని వినిపించగానే చెయ్యెత్తాలి, సరేనా?" అని చెప్పి, పెట్టెలాంటి మెషిన్ మీద మరలు తిప్పుతూ కూర్చోవడం ఆమె ఉద్యోగం. వినికిడి పరీక్షలు. ఏడాదికోసారి ప్రతి బడికీ వెళ్ళాలి. మెషిన్‌తో సహా ఆ తిరుగుడంతా ఈ కారులోనే.

కౌంటర్ అవతల ఉన్నది సర్వీస్ అడ్వైజర్. ముప్పయ్యేళ్ళ మనిషి, మెడలో నీలం టై. మర్యాదకి లోటు లేదు, జరగనిది పనే.

"మేడం, రోడ్డు టెస్టు చేసింది మా మేస్త్రీగారు. ఆయన లేదన్నాక ఇంక లేనట్టే."

"మీరు విన్నారా?"

"నేను వినడమేంటి మేడం? నా పని కంప్యూటర్లో ఎక్కించడం."

వెనక సోఫాలో కూర్చున్న అత్తగారు గొంతు సవరించుకుంది. కారులో ఆ శబ్దాన్ని మొదట పట్టింది ఆవిడే. ఏసీ వేసి, రెండో గేరులో గట్టిగా తొక్కితే ముందునుంచి సన్నగా కీచుమంటుంది, చిమ్మెట గొంతు చించుకున్నట్టు. కోడలు వినికిడి పరీక్షలు చేస్తుంది గానీ ఇంట్లో పాముచెవులు మాత్రం అత్తగారివే. రెండు గదుల అవతల ఎవరు ఏ డబ్బా మూత తీశారో చెప్పగలదు.

"అమ్మాయ్, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది, పద పోదాం," అంది లేస్తూ. "ఈ టై బాబుకి మనం చెప్పేది ఎక్కదు."

శనివారం సాయంత్రం ఆరింటికి కారు వారంటీ మూడేళ్ళూ నిండిపోతాయి. సోమవారం నుంచి కొండదారి బళ్ళలో పరీక్షలు మొదలవుతాయి, నెలలో ముప్పయ్యిరెండు బడులు. కీచుమంటున్నది ఇంజన్ ముందుండే బెల్టు దగ్గరని ఆమె ఊహ. ఆ బెల్టు తెగితే ఇంజన్‌లో నీళ్ళు తిరగవు, దారి మధ్యలో ఉడికిపోయి కూర్చుంటుంది. బాగు చేయించుకోవడానికి సొంత ఖర్చంటే ఈ ఏడాదికి కుదిరే మాట కాదు. కారు మూలపడితే బళ్ళు వచ్చే ఏడాదికి పోతాయి. ఏ బడిలోనో చివరి బెంచీలో "మొద్దు" అనిపించుకుంటూ ఒక పిల్ల కూర్చుని ఉంటుంది, ఏటా కనీసం ఇద్దరు ముగ్గురైనా దొరుకుతారు. ఆ పిల్ల ఇంకో ఏడాది మొద్దుగానే ఉండిపోతుంది. అందుకని కూ మేడం కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది గానీ ఆశ వదులుకోలేదు.

గురువారం మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళింది. ఈసారి ఫోనులో రికార్డు చేసి పట్టుకెళ్ళింది. అత్తగారు ముందు సీట్లో కూర్చుని ఫోను డాష్‌బోర్డు మీద పట్టుకుంటే, ఆమె రెండో గేరులో తొక్కింది. నిమిషం సేపు చిమ్మెట పాట, మధ్యలో అత్తగారి "వచ్చింది వచ్చింది" అనే వ్యాఖ్యానం.

అడ్వైజర్ ఫోను చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. మొహం వెలిగింది.

"అవును మేడం! వస్తోంది!"

"హమ్మయ్య. రాయండి మరి."

"నేను రాస్తే చెల్లదు మేడం." కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పి చూపించాడు. "ఇదిగో, ఈ గడి చూడండి. రోడ్డు టెస్టులో శబ్దం ఉందా, లేదా. ఇక్కడ 'ఉంది' అని మేస్త్రీగారి సంతకం పడితేనే బానెట్ కింద ఏదైనా విప్పుతారు. 'లేదు' అంటే విప్పకూడదు. ఫోను రికార్డింగు కంపెనీవాళ్ళు ఒప్పుకోరు, ఏ కారులోదో ఎవరికి తెలుసంటారు."

"ఇప్పుడు మీ చెవులతో విన్నారు కదండీ!"

అతను కొంచెం ఇబ్బందిగా టై సవరించుకున్నాడు. "శబ్దం లేదని నేననడం లేదు మేడం. మేస్త్రీగారు లేదన్నారంటే, అది లెక్కలోకొచ్చే శబ్దం కాదన్నమాట."

ఇలాంటి తర్కం ఆమె ఇంతవరకూ వినలేదు. చేతులు తుడుచుకుంటూ అటుగా పోతున్న మెకానిక్ ఒకతను ఆగి మరీ తన వంతు సాయం చేశాడు.

"ఆ కీచు చప్పుడేనామ్మా? ఈ మధ్య చాలా బళ్ళకి వస్తోంది. మొదట్లో మేమూ రోగమే అనుకున్నాం. మేస్త్రీగారు అన్నిటికీ లేదనే రాశారు. అంటే ఈ మోడల్ తీరే అంత. ఆయన చెవి మాకు మెషిన్‌తో సమానం."

కౌంటర్ పక్కన పెద్ద అద్దం ఉంది, అందులోంచి వర్క్‌షాపు కనిపిస్తుంది. ఆమె అక్కడే నిలబడి చూసింది. మేస్త్రీగారు అంటే అరవైకి దగ్గరపడిన మనిషి, జేబులో గుడ్డ, ముంజేతుల మీద పాత కాలిన మచ్చలు. ఒక బండి ఇంజన్ మీద అరచెయ్యి ఆనించి, మరో చేత్తో "ఇంకొంచెం తొక్కు" అని సైగ చేస్తున్నాడు. కళ్ళు మూసుకుని రెండు క్షణాలు నిలబడి, చెయ్యి తీసి, నాలుగు వేళ్ళలో మూడోది చూపించాడు. మూడో సిలిండర్. చుట్టూ ఉన్నవాళ్ళు మారుమాట్లాడకుండా దాన్నే విప్పడం మొదలుపెట్టారు. వెనక ఎవరో గాలి తుపాకీతో చక్రం బోల్టులు బిగిస్తున్నారు. అద్దం ఇవతల కూడా ఆ మోతకి ఆమె పళ్ళు జివ్వుమన్నాయి. ఆయన మాత్రం తల కూడా తిప్పలేదు.

"ఇదంతా నాటకం," అంది అత్తగారు కారెక్కాక. "శనివారం దాకా లాగితే చాలు వాళ్ళకి. ఆ ముసలాయన చేత లేదని రాయిస్తున్నారు. నక్కజిత్తులు!"

నిజమేననిపించింది ఆమెకి. మోసమే అయితే కోపం తెచ్చుకోవడం సుళువు. కానీ అద్దంలోంచి చూసిన ఆ మనిషి మొహం మోసానికి అతకడం లేదు. అదేమిటో తేల్చుకోవాలనిపించింది. కోపం సగానికి తగ్గి, ఆ సగంలో కుతూహలం వచ్చి కూర్చుంది.

శుక్రవారం ఊళ్ళోనే ఒక బడిలో పని. గ్రంథాలయం గదిలో కిటికీలు మూయించి, ఒక్కొక్కరినే కూర్చోబెట్టింది. పదకొండో పిల్ల రెండు జడల పిల్ల, మహా చురుకైనది. కూ అన్న ప్రతిసారీ ఠంచనుగా చెయ్యెత్తింది. మరీ ఠంచనుగా. కూ మేడం మీట నొక్కకుండా వేలు మాత్రం ఆడించింది. పిల్ల చెయ్యెత్తింది.

"ఓసి దొంగా! నా వేలు చూస్తున్నావా?"

పిల్ల నవ్వింది, పట్టుబడినందుకు ఏమాత్రం సిగ్గుపడకుండా. ఆమె మెషిన్ ముందు అట్టముక్క అడ్డం నిలబెట్టి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి సన్నటి శబ్దాలకి పిల్ల చెయ్యి లేవలేదు. కళ్ళు మాత్రం ఆమె మొహమంతా వెతికాయి, భుజాలు, పెదాలు, కనుబొమలు, ఎక్కడైనా కబురు దొరుకుతుందేమోనని. ఆ చూపు ఆమె వందల మందిలో చూసింది. కాగితం మీద పిల్ల పేరు ఎదురుగా గుర్తు పెట్టి, టీచరు కోసం ఉత్తరం రాసింది.

శనివారం రెండున్నరకి సర్వీస్ సెంటర్‌కి వెళ్ళి కౌంటర్ ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇంకొక్కసారి రోడ్డు టెస్టు చెయ్యాలి. నేను పక్కన కూర్చుంటాను. మా అత్తయ్య వెనక కూర్చుంటుంది."

"అలా కస్టమర్లు..."

"బాబూ," అంది అత్తగారు, "నేను సాయంత్రం ఆరు దాకా ఈ సోఫాలోనే ఉంటాను. నాకు మాట్లాడటం ఇష్టం. నీ ఇష్టం మరి."

పది నిమిషాల్లో మేస్త్రీగారు వచ్చాడు. "దండాలమ్మా," అని ఇద్దరికీ చెప్పి, సీటు మీద గుడ్డ పరుచుకుని కూర్చున్నాడు. కారు వెనక్కి తీస్తుంటే సెన్సారు కుయ్ కుయ్ అంది. గోడ దగ్గరయ్యేకొద్దీ ఆ కుయ్యిలు దగ్గర పడ్డాయి, ఆఖరికి ఒకటే కూత. ఆయన అద్దం చూసుకుంటూ నింపాదిగా వెనక్కే వెళ్తున్నాడు.

"గోడ! గోడ!" అని అరిచింది అత్తగారు.

"చూశానమ్మా, ఇంకా జానెడుంది," అన్నాడాయన అద్దంలో ఆవిడ మొహం చూసి. నిజంగా జానెడే ఉంది. అక్కడే ఆపి ముందుకి తిప్పాడు.

వీధిలోకి వచ్చాక ఆమె ఏసీ వెయ్యమంది. రెండో గేరు. తొక్కమంది. తొక్కాడు. కీచు మొదలైంది, ఇదివరకటి కన్నా గట్టిగా. వెనకనుంచి అత్తగారు, "ఇదిగో, ఇదే, విను నాయనా," అంది. ఆయన జవాబివ్వలేదు. రోడ్డు వైపు చూస్తూ శ్రద్ధగా, ఎంతో శ్రద్ధగా వింటున్నాడు. పెదాలు బిగించి, తల ఓ పక్కకి వంచి.

"ఏం లేదమ్మా," అన్నాడు చివరికి. "ఇంజన్ చక్కగా ఉంది. ముందు ఎడమ షాకబ్జర్ కొంచెం దబ్‌మంటోంది, అది రాసుకుంటాను."

షాకబ్జర్ దబ్బుమనడం ఆమెకి అసలు తెలియనే లేదు. ఆమె ఏదో అనబోయింది. అంతలో ఆయన ఆమె వైపు తిరిగి, ఆమె పెదాల వంక చూశాడు, మాట కోసం ఎదురుచూస్తూ.

నిన్నటి రెండు జడల పిల్ల చూపు.

ఆమె ఒళ్ళో ఉన్న ఫైలు తీసి, ఎండ తగులుతున్నట్టు మొహానికి అడ్డం పెట్టుకుంది. గొంతు పెంచకుండా, మామూలుగా అంది: "కారు ఆపండి మేస్త్రీగారూ."

కారు సాగిపోతూనే ఉంది. 

వెనక అత్తగారు "ఆపమంటోంది కదా" అనబోయి, ఏమర్థమైందో సగంలో నాలుక కరుచుకుంది.

ఆమె ఫైలు దించింది. "కారు ఆపండి మేస్త్రీగారూ."

ఆపాడు. ఇంజన్ కట్టేశాడు. ఆయనేం తెలివితక్కువవాడు కాదు. ఫైలు వైపు చూశాడు, ఆమె మొహం వైపు చూశాడు.

"మీరేం పని చేస్తారమ్మా?"

"వినికిడి పరీక్షలు."

బండి ఆగి ఉన్నా ఆయన రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. "మనుషులే గొణుగుతున్నారనుకున్నాను," అన్నాడు. "మా ఇంట్లో ఆడవాళ్ళని కేకలేస్తుంటాను, నోరు తెరిచి మాట్లాడండని. ఇంజన్ కొట్టుకుంటే తెలుస్తుంది, గేరుబాక్సు తెలుస్తుంది. ఇంక చెవికేం అనుకున్నాను."

"లావు శబ్దాలు బాగానే ఉన్నట్టున్నాయి. సన్నవి పోయినట్టున్నాయి. ఏళ్ళ తరబడి ఆ గాలి తుపాకుల పక్కన పనిచేస్తే ఇలాగే పోతుంది. పోయినట్టు మనకి తెలీదు."

"ఇప్పుడు వస్తోందా? ఆ శబ్దం?"

"వస్తోంది."

"లేదని రాశానే," అన్నాడు. "అబద్ధం రాయలేదమ్మా. లేదనే రాశాను."

ఆమెకి ఆ ఫైలు అడ్డం పెట్టినందుకు సిగ్గేసింది. అయినా గడియారం మూడుంబావు చూపిస్తోంది. ఇప్పుడు తిన్నగా మేనేజర్ గదిలోకి వెళ్ళి ఒక్క మాట అంటే చాలు: మీ మేస్త్రీకి వినపడదు, ఇంకొకరి చేత చూపించండి. పని అయిపోతుంది. సోమవారం కొండెక్కవచ్చు. ఆ మాట నాలుక చివరే ఉంది. దాని వెంటే, రేపటినుంచి ఈయన్ని గేటు దగ్గర చీటీలు రాయడానికి కూర్చోబెడతారన్నదీ తెలుస్తూనే ఉంది.

"చెవితో పని లేకుండా తెలుసుకునే దారి లేదా?" అని అడిగింది.

ఆయన ఆలోచించాడు. "బెల్టు తీసి, అది తిరిగే చక్రాలు ఒక్కోటీ వేలితో తిప్పితే తెలిసిపోతుంది. కానీ శబ్దం ఉందని రాస్తేనే విప్పాలి. రూలు."

"రూలు ఎవరు పెట్టారు?"

"నేనే చెప్పి పెట్టించానమ్మా. ఊరికే విప్పి ఊరికే బిగిస్తుంటే బళ్ళు పాడవుతున్నాయని."

వర్క్‌షాపులో ఆఖరి గడి ఖాళీ అయ్యేసరికి అయిదయింది. కారుని అందులో పెట్టి, బానెట్ ఎత్తాడు. ఎవరినీ పిలవలేదు. పొడుగు పానా ఒకటి లోపలికి దూర్చి, బెల్టుని బిగబట్టి ఉంచే చిన్న చక్రాన్ని వెనక్కి నొక్కాడు. బెల్టు వదులైంది. దాన్ని తీసి మెడలో వేసుకున్నాడు. చేతులు గుడ్డతో శుభ్రంగా తుడుచుకుని, ఒక్కో చక్రాన్నీ చూపుడు వేలితో తిప్పాడు. మొదటిది. రెండోది. చిన్న చక్రం దగ్గరికొచ్చేసరికి వేలు ఆగింది. మళ్ళీ తిప్పాడు, ఇంకా నెమ్మదిగా, కళ్ళు మూసుకుని.

"గరుకుంది. లోపల బేరింగులో గ్రీజు ఎండిపోయింది. ఇసుక మీద నడిచినట్టుంది. చూడండి."

ఆమె వేలు పెట్టి తిప్పింది. చక్రం హాయిగా తిరిగింది. ఏ గరుకూ తగల్లేదు. ఇంకోసారి తిప్పింది.

"నాకేం తెలియడం లేదండీ."

ఆయన మొహంలో మొదటిసారి చిన్న నవ్వు వచ్చింది. "తెలీదు లెండి. నాలుగు దశాబ్దాలు తిప్పాలి."

"ఎన్నాళ్ళు ఆగేదంటారు, ఇది?"

"నెల. మీ కొండదారిలో అయితే అంత కూడా ఆగదు." 

అడ్వైజర్ ఫారం పట్టుకొచ్చాడు. బెల్టు మెడలో ఉన్న మేస్త్రీగారిని చూసి తెల్లబోయాడు. సమస్యేమీ లేదని ఆమె అనుకుంది. 'ఉంది' దగ్గర ఒక్క టిక్కు పడితే ఆమె కారు బాగుపడుతుంది, ఆయన మాట దక్కుతుంది, ఎవరికీ ఏమీ తెలియనక్కర్లేదు. తాను ఛస్తే నోరు విప్పదు. అత్తగారి సంగతి ఇంటికెళ్ళాక చూసుకోవచ్చు.

మేస్త్రీగారు బానెట్ అంచు మీద కాగితం పెట్టుకుని, ముత్యాల్లాంటి దస్తూరితో రాశాడు. శబ్దం నాకు వినపడలేదు. బేరింగు గరుకు చేతికి తెలిసింది. మార్చాలి.

"మేస్త్రీగారూ!" అన్నాడు అడ్వైజర్ గొంతు తగ్గించి. ఆయన మొహంలోకి చూడగానే మళ్ళీ పెంచి, "ఇదేంటి? టిక్కు పెట్టండి చాలు. వినపడలేదని రాస్తే పై వాళ్ళు ఎందుకు వినపడలేదంటారు."

"అననీ. వినపడందాన్ని ఉందని ఎలా రాస్తాను? ముందు ఇది ఎక్కించు, అయిదున్నర కావస్తోంది. బేరింగు స్టోరులో ఉంది, గంట పని."

అడ్వైజర్ పరుగున వెళ్ళాడు. అయిదూ నలభైకి తెర మీద వారంటీ ఒప్పుకున్నట్టు ఆకుపచ్చ గుర్తు వచ్చిందని అద్దంలోంచి చెయ్యి ఊపాడు. కూ మేడం ఊపిరి పీల్చుకుంది. ఏడ్పు వచ్చేంత సంతోషమేసింది. మరుక్షణం ఆయన్ని చూస్తే ఆ సంతోషం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

బేరింగు మార్చడం అయ్యాక, చేతులు కడుక్కుని వచ్చి ఆయనే అడిగాడు. "మీ మెషిన్ కారులోనే ఉందా అమ్మా?"

అద్దాలన్నీ ఎక్కించి, కారులోనే చేసింది పరీక్ష. ఎంత మూసినా బడి గదంత నిశ్శబ్దం కాదు, అయినా కొంత తెలుస్తుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. ఆమె మెషిన్‌కి ఫైలు అడ్డం పెట్టింది. లావు శబ్దాలకి చెయ్యి వెంటనే లేచింది. తర్వాతి వాటికి ఆలస్యంగా లేచింది. ఆ తర్వాత ఆమె మర తిప్పుతూనే ఉంది, చెయ్యి మోకాలి మీదే ఉంది. వెనక సీట్లో అత్తగారికి ఆ కూతలు హెడ్‌ఫోన్ల బయటికి కూడా వినిపించాయి కాబోలు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గీత గీసిన కాగితం ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని ఇంజన్ రిపోర్టు చదివినట్టు చదివాడు.

"ఎంత పోయిందో చెప్పింది సరే. ఎప్పట్నుంచో చెప్తుందా?"

"చెప్పదండీ. ఇవ్వాళ్టి సంగతే చెప్తుంది."

"ఎప్పట్నుంచో తెలియాలమ్మా."

ఆయన ఎడమ మణికట్టు వైపు చూసుకున్నాడు. 

"అలారం మోగడం మానేసిందని ఒక చేతి గడియారం పారేశాను," అన్నాడు మెల్లగా. "కొత్తది కొన్నాను. అదీ మోగలేదు. ఈ రోజుల్లో సరుకే అంత అనుకుని షాపువాడిని తిట్టాను. నిరుడు కాదు, అంతకు ముందేడు. వానలు మొదలైనప్పుడు."

దిగి లోపలికి వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు చేతిలో లావుపాటి కట్ట ఉంది. రెండేళ్ళ ఫారాలు, ఆయన 'లేదు' అని రాసినవి. అడ్వైజర్ వెనకాలే వచ్చాడు. "సోమవారం చూద్దాం మేస్త్రీగారూ, ఇందులో సగానికి పైగా వారంటీ అయిపోయినవే," అంటున్నాడు.

"అయిపోనీ. రోడ్డు మీద తిరుగుతున్నాయి కదా."

అన్నిటికన్నా కింది ఫారం తీసి, అందులో నంబరు చూసి ఫోను చేశాడు. "నేను కార్ల సర్వీసు మేస్త్రీని మాట్లాడుతున్నానండీ. మీరు అప్పట్లో కారులో సన్నటి శబ్దమని తెచ్చారు. లేదని రాశాను. ఇంకా వస్తోందా?"

అవతల ఎవరో ఆడమనిషి. ఆయన ఫోను చెవికేసి నొక్కుకున్నాడు, ఇంకో చెవికి మార్చాడు, నుదురు ముడిపడింది. చివరికి ఫోను కూ మేడానికి అందించాడు.

"ఏమంటున్నారమ్మా?"

ఆమె విన్నది. విన్నాక ఆయన తన పెదాలు చూసేలా పూర్తిగా ఇటు తిరిగి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"ఇప్పటికీ వస్తోందట. మీరే లేదన్నాక, వాళ్ళ చెవులదే తప్పనుకుని ఊరుకున్నారట."

ఆయన తల ఊపి, పెన్ను మూత తీసి, 'లేదు' మీద అడ్డగీత కొట్టాడు. అప్పుడు రెండో ఫారం తీశాడు. నంబరు ఆయన చదువుతుంటే, ఈసారి కూ మేడమే నొక్కింది.